బస్సెక్కాలంటే భయమా? బైకు తాళం ఇచ్చే ముందు ఈ లెక్కలు చూడండి

2025 అక్టోబర్ 24 తెల్లవారుజామున కర్నూలు జిల్లా చిన్నటేకూరు దగ్గర, హైదరాబాద్ నుంచి బెంగళూరు వెళ్తున్న ప్రైవేటు స్లీపర్ బస్సు తగలబడింది. 19 మంది ప్రయాణికులు చనిపోయారు. సరిగ్గా పది రోజులకు, నవంబర్ 3న, తెలంగాణలోని చేవెళ్ల సమీపంలో మీర్జాగూడ వద్ద కంకర లోడుతో వస్తున్న టిప్పర్ ఆర్టీసీ బస్సును ఢీకొట్టింది. అక్కడా 19 మంది మరణించారు.

ఆ వారం పది రోజులూ టీవీల్లో, ఫోన్లలో అవే దృశ్యాలు. అవి చూశాక చాలా ఇళ్లలో ఒకే మాట: "ఇక బస్సు వద్దులే". మొవ్వ, కూచిపూడి, ఘంటసాల ఊళ్ల నుంచి బందరుకో గుడివాడకో విజయవాడకో రోజూ కాలేజీకి వెళ్లొచ్చే పిల్లలున్న ఇళ్లలో ఈ మాట ఊరికే పోదు. "బస్సుల్లో తిరగడం ఎందుకు, బండి కొనిచ్చేద్దాం" అనే నిర్ణయం దాకా వెళ్తుంది.

ఆ నిర్ణయం తీసుకునే ముందు ఒక్క ప్రశ్న వేసుకోవాలి. బస్సు నుంచి బైకుకు మారితే మీ పిల్లలకు ప్రమాదం తగ్గుతుందా, పెరుగుతుందా?

జవాబు ముందే చెప్పేస్తున్నాం. పెరుగుతుంది, అదీ చాలా ఎక్కువగా. ఎందుకో, ఎంతో చూద్దాం. బస్సులోనూ నిజమైన ప్రమాదాలు ఉన్నాయి. అయితే అవి మనం భయపడే చోట కాకుండా వేరే చోట ఉన్నాయి. వాటి గురించీ చెప్పుకుందాం.

*లెక్కలు ఏం చెబుతున్నాయి?*

కేంద్ర రోడ్డు రవాణా శాఖ ఏటా దేశంలోని రోడ్డు ప్రమాదాలపై నివేదిక ఇస్తుంది. 2022 నివేదిక ప్రకారం ఆ ఏడాది రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది మరణించారు. ఆంధ్రప్రదేశ్‌లోనే 8 వేల మందికి పైగా పోయారు.

దేశం మొత్తం మీద ఎవరు ఏ వాహనం మీద ఉండగా చనిపోయారో చూస్తే:

- ద్విచక్ర వాహనాలపై ఉన్నవారు 74,897 మంది. మొత్తంలో 44.5 శాతం.
- నడిచి వెళ్తున్నవారు 32,825 మంది. 19.5 శాతం.
- ఆటోల్లో ఉన్నవారు దాదాపు 4 శాతం.
- బస్సుల్లో ఉన్నవారు రెండున్నర శాతం లోపు. ఇందులో ప్రైవేటు బస్సులు, స్కూలు బస్సులు, ఆర్టీసీ బస్సులు అన్నీ కలిసే ఉన్నాయి.

74,897ను 365తో భాగిస్తే రోజుకు 205 మంది. అంటే చిన్నటేకూరులో బస్సులో ఎంతమంది పోయారో, దేశంలో బైకుల మీద అంతమంది ప్రతి రెండుంబావు గంటలకు పోతున్నారు. పగలూ రాత్రీ, ఏడాది పొడవునా.

చిన్నటేకూరు ఘటనలోనే చాలామంది మరిచిపోయిన సంగతి ఒకటుంది. పోలీసులు చెప్పిన ప్రకారం, ఆ రాత్రి అక్కడ మొదటి ప్రమాదం జరిగింది బస్సుకు కాదు. ముందుగా ఒక బైకు అదుపు తప్పి పడింది, దాన్ని నడుపుతున్న వ్యక్తి చనిపోయాడు. రోడ్డు మీద పడి ఉన్న ఆ బైకు మీదుగా బస్సు వెళ్లి, దాన్ని ఈడ్చుకుపోవడంతో మంటలు లేచాయి. బస్సు రాకపోయి ఉంటే ఆ మొదటి మరణం జిల్లా పేజీలో నాలుగు లైన్ల వార్తగా మిగిలేది.

*బైకులు ఎక్కువ కాబట్టే మరణాలు ఎక్కువేమో?*

సరైన అనుమానమే. ఎక్కువమంది వాడే వాహనం మీద ఎక్కువమంది చనిపోవడం సహజం. అందుకే మరణాల సంఖ్య ఒక్కటే చూస్తే సరిపోదు. ఎంతమంది ప్రయాణిస్తే, ఎంత దూరం ప్రయాణిస్తే అన్ని మరణాలు జరిగాయన్నది చూడాలి.

2011 జనగణనలో, వ్యవసాయేతర పనులు చేసేవారు రోజూ పనికి ఎలా వెళ్తున్నారో అడిగారు. ద్విచక్ర వాహనాలపై వెళ్లేవారు సుమారు 13 శాతం, బస్సుల్లో వెళ్లేవారు సుమారు 11 శాతం అని తేలింది. అంటే అప్పట్లో రెండూ దగ్గర దగ్గర సమానం. ఆ తర్వాత బైకులు బాగా పెరిగిన మాట నిజమే. కానీ మరణాల్లో తేడా ఒకటికి రెండింతలో మూడింతలో కాదు, సుమారు 19 రెట్లు. బండ్లు పెరిగాయన్న ఒక్క కారణంతో ఇంత తేడా రాదు. పైగా ఒక బస్సు ప్రయాణం మామూలుగా బైకు ప్రయాణం కంటే ఎక్కువ దూరం ఉంటుంది.

దూరాన్ని బట్టి కట్టిన లెక్క యూరప్‌లో ఉంది. యూరోపియన్ ట్రాన్స్‌పోర్ట్ సేఫ్టీ కౌన్సిల్ 2003లో ఇచ్చిన గణాంకాల ప్రకారం, ప్రయాణికులందరూ కలిపి 10 కోట్ల కిలోమీటర్లు తిరిగితే మోటార్‌సైకిళ్లపై 13.8 మంది, కార్లలో 0.7 మంది, బస్సుల్లో 0.07 మంది మరణించారు. కారు కంటే బస్సు పది రెట్లు భద్రం. మోటార్‌సైకిల్‌తో పోలిస్తే దాదాపు రెండు వందల రెట్లు.

మన రోడ్లు యూరప్ రోడ్లు కావు, కాబట్టి ఆ అంకెలు ఇక్కడ అచ్చంగా అలాగే ఉంటాయని అనుకోనక్కర్లేదు. అయితే ఏది ముందు, ఏది వెనక అన్న వరస మాత్రం ఇక్కడా మారదు. కారణం మామూలు ఇంగితమే. బస్సు పెద్దది, బరువైనది. ఢీకొన్నప్పుడు దెబ్బలో చాలా భాగం ఇనుప చట్రం తీసుకుంటుంది. బైకు మీద ఆ దెబ్బ తీసుకునేది మనిషి ఒళ్లే. బస్సు నడిపేది హెవీ లైసెన్సు ఉన్న, శిక్షణ పొందిన డ్రైవరు. ఆర్టీసీ డిపోల్లో డ్యూటీ ఎక్కే ముందు మద్యం తాగారో లేదో శ్వాస పరీక్ష చేస్తారు. బైకు ఎక్కేవాళ్లకు ఇంటి గుమ్మం దగ్గర అలాంటి పరీక్ష ఏదీ లేదు.

*మరి బస్సంటేనే ఎందుకంత భయం?*

దీనిపై పరిశోధనలు చాలా జరిగాయి. మనిషి ప్రమాదాన్ని అంకెలతో కొలవడు, గుర్తుకొచ్చే దృశ్యాలతో కొలుస్తాడు. ఒకేసారి ఎక్కువమంది పోతే, తప్పించుకునే దారి లేకుండా పోతే, స్టీరింగు మన చేతిలో లేకపోతే ఆ ప్రమాదం అసలు ఉన్నదానికన్నా చాలా పెద్దగా కనిపిస్తుంది. బైకు హ్యాండిల్ మన చేతిలో ఉంటుంది కాబట్టి "నేను జాగ్రత్తగానే నడుపుతాగా" అన్న ధీమా వస్తుంది. ఎదురుగా వచ్చే లారీ ఆ ధీమాను లెక్కచేయదు.

ఈ భయం ఎంత ఖరీదైనదో అమెరికా అనుభవం చెబుతుంది. 2001 సెప్టెంబర్ 11 దాడుల తర్వాత అక్కడ చాలామంది విమానాలు మానేసి కార్లలో ప్రయాణించారు. జర్మన్ మనస్తత్వ శాస్త్రవేత్త గెర్డ్ గిగరెంజర్ ఆ తర్వాతి ఏడాది రోడ్డు మరణాలను లెక్కగట్టారు. విమానం భయంతో రోడ్డెక్కడం వల్ల అదనంగా సుమారు 1,500 మంది చనిపోయి ఉంటారని తేల్చారు. వాళ్లు ప్రమాదాన్ని తప్పించుకున్నామనుకున్నారు. నిజానికి చిన్న ప్రమాదం నుంచి పెద్ద ప్రమాదంలోకి వెళ్లారు.

ఇందులో మా వార్తల డెస్కుల పాత్ర కూడా ఉందని ఒప్పుకోవాలి. బస్సు బోల్తా పడితే బ్రేకింగ్ వేస్తాం, రెండు రోజులు నడుపుతాం. బైకు మీద ఇద్దరు పోతే చిన్న వార్త. అలాంటి చిన్న వార్తలు రోజుకు 200 ప్రాణాల లెక్క అని ఏ హెడ్డింగులోనూ కనిపించదు. వార్తలో ఎంత చోటు దక్కిందన్నదాన్ని బట్టి ప్రమాదం ఎంత ఉందో అంచనా వేసుకుంటే లెక్క తప్పుతుంది.

*మన డెల్టా రోడ్ల మీద పరిస్థితి ఏంటి?*

విజయవాడ నుంచి పామర్రు మీదుగా బందరు వచ్చేది 65వ నంబరు జాతీయ రహదారి. పామర్రు దగ్గర చీలి గుడివాడ, కైకలూరు వైపు వెళ్లేది 165. బందరు నుంచి చల్లపల్లి, మోపిదేవి మీదుగా కృష్ణ దాటి రేపల్లె వైపు వెళ్లేది 216. వీటి మధ్య ఊళ్లను కలిపేవి చాలావరకు కాలువ గట్ల వెంట, చేల మధ్య నుంచి పోయే సన్నటి రోడ్లు.

ఈ రోడ్ల మీద బండి నడిపేవాళ్లకు తెలిసిన ప్రమాదాలే చూడండి. కోతల రోజుల్లో రోడ్డు మీద సగం మేర ఆరబోసిన ధాన్యం. రాత్రివేళ వెనక లైటు, రిఫ్లెక్టరు లేకుండా వెళ్లే ట్రాక్టర్ ట్రక్కులు. గుడివాడ, కైకలూరు వైపు చేపల, రొయ్యల లోడు నుంచి కారే నీళ్లతో జారే తారు. ధనుర్మాసంలో పొద్దున్నే కమ్మేసే మంచు. సాయంత్రం ఇంటికి మళ్లే గేదెల మంద. రక్షణ గోడ లేని కాలువ మలుపు.

వీటిలో ప్రతి ఒక్కటీ బస్సుకు అయితే ఒక కుదుపో ఒక బ్రేకో. బైకుకు ప్రాణం మీదికి వస్తుంది. ధాన్యం మీద బస్సు టైరు జారినా బస్సు పడిపోదు. రెండు చక్రాల బండి పడుతుంది.

అలాగని బస్సులు కాలువల్లో పడలేదా అంటే, పడ్డాయి. 2021 డిసెంబర్ 15న జంగారెడ్డిగూడెం దగ్గర ఆర్టీసీ బస్సు వంతెన మీద నుంచి జల్లేరు వాగులో పడి డ్రైవరుతో పాటు ప్రయాణికులు మరణించారు. 2017 ఫిబ్రవరి 28న అప్పటి కృష్ణా జిల్లాలోని పెనుగంచిప్రోలు మండలంలో ప్రైవేటు బస్సు కల్వర్టులో పడి పది మందికి పైగా చనిపోయారు. ఇవన్నీ నిజమే. ఇవి ఇన్నేళ్ల తర్వాత కూడా తేదీలతో సహా గుర్తుండటమే అరుదుగా జరుగుతాయనడానికి గుర్తు. పోయినేడాది మీ మండలంలో బైకు ప్రమాదాల్లో పోయినవారి తేదీలు చెప్పమంటే, ఆ ఇంటివాళ్లు తప్ప ఎవరూ చెప్పలేరు.

*ఇంటర్ చదివే పిల్లలకు బండి ఇస్తే ఏమవుతుంది?*

ఇది ప్రమాదంతో పాటు చట్టం సంగతి కూడా. గేర్లున్న బైకు నడపాలంటే 18 ఏళ్లు నిండాలి. ఇంటర్ పిల్లల్లో ఎక్కువమందికి 16, 17 ఏళ్లే. మైనర్ బండి నడుపుతూ నేరం చేసినట్టు తేలితే, మోటారు వాహనాల చట్టంలోని 199ఏ సెక్షన్ ప్రకారం తల్లిదండ్రులకు లేదా బండి యజమానికి మూడేళ్ల వరకు జైలు, 25 వేల రూపాయల జరిమానా పడవచ్చు. బండి రిజిస్ట్రేషన్ ఏడాది పాటు రద్దవుతుంది. ఆ పిల్లాడికి 25 ఏళ్లు వచ్చేదాకా లైసెన్సు రాదు.

ఇంకో దెబ్బ ఇన్సూరెన్సుతో. లైసెన్సు లేనివారు నడుపుతూ ఎవరినైనా గుద్దితే, బీమా కంపెనీ బాధితులకు చెల్లించాల్సి వచ్చినా ఆ డబ్బును యజమాని దగ్గర వసూలు చేసుకోవచ్చు. అలాంటి ఒక్క కేసుకు ఎకరం పొలం అమ్ముకోవాల్సి రావచ్చు.

పిల్లలకు 18 నిండి, లైసెన్సు ఉండి, బండి తప్పనిసరి అయితే హెల్మెట్ విషయంలో రాజీ వద్దు. 2022లో హెల్మెట్ లేకుండా చనిపోయినవారు 50,029 మంది. అందులో 14,337 మంది వెనక కూర్చున్నవారు. సరైన హెల్మెట్ పెట్టుకుంటే మరణం ముప్పు సుమారు 42 శాతం, తలకు గాయమయ్యే ముప్పు సుమారు 69 శాతం తగ్గుతాయని అనేక అధ్యయనాలను కలిపి చూసిన సమీక్షలో తేలింది. వెనక కూర్చునే అమ్మకు, చెల్లికి కూడా హెల్మెట్ కావాలి. చీర కొంగు, చున్నీ చక్రంలో పడకుండా గార్డు ఉందో లేదో చూసుకోండి.

*ఆటో, టాటా ఏస్ సంగతి?*

బస్సు రాకపోతే చాలామంది ఎక్కేది షేర్ ఆటో. ఇక నాట్లకు, కోతలకు, పెళ్లిళ్లకు, చావులకు గుంపుగా వెళ్లాలంటే టాటా ఏసో, ట్రాక్టరో. "అందరం కలిసి వెళ్తున్నాం, ఊళ్లో వాళ్ల బండేగా" అన్న ధైర్యం ఇక్కడ బాగా పనిచేస్తుంది. నిజానికి డెల్టాలో అందరికంటే తక్కువ భయపడుతూ ఎక్కే ప్రమాదకరమైన ప్రయాణం ఇదే.

సరుకు రవాణా వాహనంలో మనుషులకు సీటు ఉండదు, పట్టుకునే కమ్మీ ఉండదు. మలుపులో బరువంతా ఒకవైపుకు ఒరిగితే బండి పడిపోతుంది. దీనికితోడు చాలామందికి తెలియని విషయం మరొకటుంది. సరుకు వాహనంలో ప్రయాణికులుగా ఎక్కినవారికి ఏదైనా జరిగితే పరిహారం చెల్లించే బాధ్యత బీమా కంపెనీకి లేదని ఆశారాణి కేసులో సుప్రీంకోర్టు 2002 డిసెంబర్‌లో తీర్పు చెప్పింది. అంటే ప్రమాదం జరిగితే మీ కుటుంబం పరిహారం కోసం ఆ చిన్న బండి యజమాని మీదే ఆధారపడాల్సి రావచ్చు. అతని దగ్గర లేకపోతే వచ్చేదేమీ ఉండదు.

కూలీలను పనికి తీసుకెళ్లే మేస్త్రీలు, పెళ్లికి బండి మాట్లాడే పెద్దలు ఈ ఒక్క విషయం గుర్తుపెట్టుకోవాలి. ప్రయాణికుల పర్మిట్ ఉన్న వాహనం మాట్లాడండి. ఖర్చు కొంచెం ఎక్కువైనా సరే. ఆటోలో పర్మిట్ మీద రాసిన సంఖ్యకు మించి ఎక్కించుకుంటుంటే, ముఖ్యంగా డ్రైవరుకు అటూ ఇటూ కూర్చోబెడుతుంటే, ఎక్కవద్దు.

*బస్సు ప్రయాణంలో నిజమైన ప్రమాదం ఎక్కడుంది?*

సీట్లో కూర్చుని ఉండగా కాదు. ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు, దిగిన తర్వాత.

మొదటిది ఎక్కడం. కదులుతున్న బస్సు వెంట పరుగెత్తడం, ఫుట్‌బోర్డు మీద వేలాడటం. కాలేజీ టైములో ఇది రోజూ కనిపించే దృశ్యమే. పట్టు తప్పితే పడేది వెనక చక్రం కిందే. తర్వాతి బస్సు కోసం అరగంట ఆగితే ఒక క్లాసు పోతుందంతే.

రెండోది బస్టాండు. 2023 నవంబర్ 6న విజయవాడ పండిట్ నెహ్రూ బస్ స్టేషన్‌లో 12వ నంబరు ప్లాట్‌ఫాం మీదికి బస్సు దూసుకొచ్చి ముగ్గురు చనిపోయారు. వారిలో ఒక పసివాడు కూడా ఉన్నాడు. బస్సు కోసం ఎదురుచూస్తూ ప్లాట్‌ఫాం అంచున నిలబడకండి. పిల్లలను వెనక్కి, స్తంభాల లోపలి వైపు ఉంచండి. ఆగి ఉన్న బస్సు ముందు నుంచి గానీ, రివర్సు తీసుకునే బస్సు వెనక నుంచి గానీ దాటవద్దు.

మూడోది, అన్నిటికంటే ముఖ్యమైనది, రోడ్డు దాటడం. దేశంలో ప్రతి ఐదు రోడ్డు మరణాల్లో దాదాపు ఒకటి నడిచే మనిషిది. బస్సు దిగిన ప్రయాణికుడు ఆ క్షణం నుంచి పాదచారే. హైవే మీద దిగి, తాము దిగిన బస్సు ముందు నుంచే రోడ్డు దాటబోయి, బస్సును దాటుకుని వచ్చే వాహనం కింద పడుతున్నారు. బస్సు వెళ్లిపోయేదాకా ఆగండి. రెండు వైపులా కనిపించాకే దాటండి. చీకటి పడ్డాక దిగేవాళ్లు ఫోన్ లైటు వేసుకోండి, లేత రంగు బట్టలు వేసుకోండి. ఇంటి నుంచి ఎవరైనా రోడ్డు అవతల కాకుండా, బస్సు ఆగే వైపే వచ్చి నిలబడితే ఇంకా మంచిది.

నాలుగోది కిక్కిరిసిన బస్సు. 2018 సెప్టెంబర్ 11న తెలంగాణలోని కొండగట్టు ఘాట్‌లో సామర్థ్యానికి మించి ప్రయాణికులతో వెళ్తున్న ఆర్టీసీ బస్సు లోయలో పడి 60 మందికి పైగా మరణించారు. 2025 ఆగస్టు 15న స్త్రీ శక్తి పథకం మొదలయ్యాక పల్లె వెలుగు, ఎక్స్‌ప్రెస్ వంటి బస్సుల్లో మహిళలకు టికెట్ చార్జీ లేదు. బస్సులో చోటు లేదనిపిస్తే ఎక్కకపోవడం మీ హక్కు. మీ ఊరికి కాలేజీ వేళ బస్సు చాలడం లేదనిపిస్తే డిపో మేనేజరుకు రాతపూర్వకంగా అర్జీ పెట్టండి. అవనిగడ్డ, బందరు, గుడివాడ డిపోల్లో మీ రూటు ఏ డిపోదో కండక్టరును అడిగితే చెబుతారు. ఒకరిద్దరు నోటితో అడిగినదానికంటే పంచాయతీ, కాలేజీ కలిసి పెట్టిన అర్జీకి బలం ఎక్కువ.

అయిదోది రాత్రి స్లీపర్ బస్సులు. పాలెంలో 2013 అక్టోబర్ 30న 45 మందిని, చిన్నటేకూరులో 19 మందిని బలి తీసుకున్నవి రెండూ ప్రైవేటు దూరప్రాంత బస్సుల మంటలే. రెండూ తెల్లవారుజామునే, అందరూ నిద్రలో ఉండగా. పగటిపూట తిరిగే పల్లె వెలుగుకు దీనికి పోలిక లేదు. స్లీపర్ ఎక్కితే మొదటి పని, అత్యవసర ద్వారం ఎక్కడుందో, అద్దం పగలగొట్టే సుత్తి ఎక్కడుందో చూసుకోవడం. దారిలో సామాన్లు అడ్డుగా ఉంటే తీయించండి.

*ఆడపిల్లల భయం కూడా అతిశయోక్తేనా?*

కాదు. ఇక్కడ లెక్క తిరగబడుతుంది.

బస్సు ప్రమాదాల విషయంలో మన భయం అసలు ముప్పు కంటే పెద్దది. వేధింపుల విషయంలో అసలు ముప్పు నమోదైన లెక్క కంటే పెద్దది. రద్దీలో చేతులు వేయడం, ఆనుకోవడం, ఫొటోలు తీయడం, దిగాక వెంటపడటం వంటివి చాలావరకు స్టేషన్ దాకా వెళ్లవు. ఇంట్లో చెబితే చదువు మాన్పిస్తారన్న భయంతో చాలామంది పిల్లలు ఇంట్లోనూ చెప్పరు. కాబట్టి "కేసులు లేవు కదా" అన్నది భద్రతకు రుజువు కాదు.

2012 డిసెంబర్ 16 నాటి ఢిల్లీ నిర్భయ ఘటన కూడా బస్సులోనే జరిగింది. అయితే అది ప్రభుత్వ రవాణా బస్సు కాదు, ఆ సమయంలో సర్వీసులో లేని ప్రైవేటు బస్సు. ఆ ఘటన తర్వాత వచ్చిన మార్పుల్లో ఒకటి ఏఐఎస్-140 నిబంధన. దీని ప్రకారం 2019 జనవరి 1 నుంచి కొత్తగా రిజిస్టరయ్యే ప్రయాణికుల బస్సుల్లో వాహనం ఎక్కడుందో తెలిపే పరికరం, పానిక్ బటన్ ఉండాలి. మీరెక్కే బస్సులో ఎర్ర బటన్ ఎక్కడుందో ఒకసారి చూసి పెట్టుకోండి.

ఏదైనా జరిగితే గట్టిగా చెప్పండి. కండక్టరుకు, కండక్టర్ లేని సర్వీసైతే డ్రైవరుకు చెప్పి, దగ్గర్లోని పోలీస్ స్టేషన్ దగ్గర బస్సు ఆపమని అడగండి. 112కు ఫోన్ చేయవచ్చు. మహిళల హెల్ప్‌లైన్ 181. రాష్ట్ర పోలీసుల శక్తి యాప్ 2025 మార్చి 8న మొదలైంది. అందులో ఆపద బటన్ ఉంటుంది.

"ఇది మా స్టేషన్ పరిధి కాదు" అని ఎవరైనా అంటే జీరో ఎఫ్ఐఆర్ అడగండి. నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషన్‌లోనైనా ఫిర్యాదు తీసుకోవాలని కొత్త నేర ప్రక్రియా చట్టమైన భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో ఉంది. కదిలే బస్సులో జరిగినవాటికి ఇది బాగా పనికొస్తుంది. పామర్రు దాటాక జరిగిందో, ముందే జరిగిందో మీరు తేల్చాల్సిన పని లేదు.

తల్లిదండ్రులకు ఒక మాట. అమ్మాయి వచ్చి చెబితే మొదటి మాటగా "బస్సు మానేయ్" అనకండి. ఆ మాట వింటే రెండోసారి చెప్పదు.

*రైలు, రేవు దాటే వారికి*

బందరు నుంచి గుడివాడ మీదుగా విజయవాడకు, భీమవరం వైపుకు రైళ్లున్నాయి. రైళ్లు ఢీకొన్న ఘటనలు మనకు బాగా గుర్తుంటాయి. 2023 అక్టోబర్ 29న విజయనగరం జిల్లా కంటకాపల్లి దగ్గర జరిగింది అలాంటిదే. కానీ రైల్వేలో ఎక్కువ ప్రాణాలు పోయేది పట్టాలు దాటుతూ, తలుపు దగ్గర నిలబడి పడిపోతూ. రైలు లోపల కూర్చుంటే రైలు బస్సు కంటే కూడా భద్రం. ప్లాట్‌ఫాం మారాలంటే వంతెన ఎక్కండి. రైల్లో సాయం కావాలంటే 139.

దివిసీమలో ఎదురుమొండి వంటి లంకల వాళ్లకు పంటే బస్సు. అక్కడ ప్రమాదం లోడును బట్టి ఉంటుంది. 2017 నవంబర్ 12న ఇబ్రహీంపట్నం దగ్గర పవిత్ర సంగమం వద్ద అనుమతి లేని పర్యాటక పడవ తిరగబడి 20 మందికి పైగా చనిపోయారు. రోజూ దాటే రేవే కదా అనుకోకండి. బండ్లు, మనుషులు కిక్కిరిస్తే తర్వాతి పంటుకు ఆగండి. గాలి, పోటు ఎక్కువగా ఉంటే దాటవద్దు. లైఫ్ జాకెట్ అడిగి వేసుకోండి, పిల్లలకు ముందు వేయండి.

*ప్రమాదం జరిగితే మీ హక్కులేంటి?*

- అంబులెన్సుకు 108, పోలీసులకు 112, జాతీయ రహదారి మీదైతే 1033.
- రోడ్డు ప్రమాద బాధితులకు నిర్దేశిత ఆస్పత్రుల్లో ఏడు రోజుల వరకు, లక్షన్నర రూపాయల దాకా నగదు రహిత చికిత్స పథకాన్ని కేంద్రం 2025 మేలో నోటిఫై చేసింది. "ముందు డబ్బు కట్టండి" అంటే ఈ పథకం పేరు చెప్పి అడగండి.
- గాయపడినవారిని ఆస్పత్రికి చేర్చిన వ్యక్తిని కేసుల పేరుతో వేధించకూడదు. మోటారు వాహనాల చట్టంలోని 134ఏ సెక్షన్ ఆ రక్షణ ఇస్తుంది. చూసి వెళ్లిపోకండి.
- పరిహారం కోసం మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్‌కు ఆరు నెలల్లోపు వెళ్లాలని 2019 సవరణ చెబుతోంది. కర్మలయ్యాక చూద్దామని నెలలు గడపకండి.
- గుద్దిన వాహనం ఏదో తెలియకపోతే మరణానికి 2 లక్షలు, తీవ్ర గాయానికి 50 వేల రూపాయలు ఇచ్చే ప్రత్యేక పథకం 2022 ఏప్రిల్ 1 నుంచి ఉంది.
- బస్సు టికెట్ దాచుకోండి. స్త్రీ శక్తి కింద ఇచ్చే సున్నా చార్జీ టికెట్ కూడా టికెట్టే. మీరు ఆ బస్సులో ఉన్నారనడానికి అది రుజువు. టికెట్ ఇవ్వకపోతే అడిగి తీసుకోండి.

*చివరిగా, ఇంట్లో నిర్ణయం ఎలా తీసుకోవాలి?*

బస్సు వార్త చూసిన రోజు నిర్ణయం తీసుకోకండి. వారం ఆగండి. ఆ తర్వాత ఈ నాలుగు ప్రశ్నలు వేసుకోండి.

ఒకటి, పిల్లలు రోజూ వెళ్లే దారిలో బస్సు ఉందా? ఉంటే ఏ వేళకు? రెండు, బస్సు దిగాక నడిచే దారిలో లైటు ఉందా, రోడ్డు దాటాలా? మూడు, బస్సు మానేస్తే దాని బదులు ఎక్కేదేంటి? బైకా, ఆటోనా, ఎవరి బండి వెనకనా? నాలుగు, ఆ బదులుది బస్సు కంటే భద్రమని అనుకోవడానికి మీ దగ్గర కారణం ఏముంది?

మూడో ప్రశ్న దగ్గరే చాలా ఇళ్లలో లెక్క తేలిపోతుంది. బస్సు వద్దనుకున్నంత మాత్రాన పిల్లలు ఇంట్లో కూర్చోరు. అదే రోడ్డు మీద, అదే లారీల మధ్య, ఈసారి చుట్టూ ఇనుప చట్రం లేకుండా వెళ్తారు. బైకు కొనే డబ్బులో కొంత పెట్టి మంచి టార్చిలైటు, బస్సుపాసు కొనివ్వండి. సాయంత్రం బస్సు దిగే చోటికి ఎదురెళ్లండి. మీ పిల్లల భద్రతకు మీ చేతిలో ఉన్న పెద్ద పని అదే.